పలక కొట్టినవాళ్ల పేర్లు

రికార్డింగ్ స్టూడియోలో పని నేర్చుకోవాలంటే ముందే అనుభవం ఉండాలట. అనుభవం లేదు కాబట్టే కదా నేర్చుకుంటానని వస్తున్నది అంటే, ఈ పిల్లకు నోరెక్కువ అంటారు. పుంగనూరు అనితకు ఈ లోకరీతి తలకెక్కడానికి మూడు వారాలు, పదకొండు బస్సు ప్రయాణాలు పట్టాయి.

బెంగళూరులో ఏడాదిపాటు సౌండ్ ఇంజినీరింగ్ డిప్లొమా చదివింది అనిత. పాఠాలు అయిపోయాయి, పరీక్షలు పాసయింది. మిగిలింది ఒక్కటే. ఏదైనా స్టూడియోలో మూడు నెలలు ఇంటర్న్‌షిప్ చేసి, చేసినట్టు ఒక ఉత్తరం అక్టోబరు ముప్పైలోగా తెచ్చివ్వాలి. ఇస్తేనే సర్టిఫికెట్, లేకపోతే ఏడాది చదువూ గోవిందా. చేరేటప్పుడు స్టూడియోలు మేమే చూపిస్తామని తియ్యగా చెప్పిన సంస్థవాళ్లు, తీరా సమయం వచ్చాక అది మీరే చూసుకోవాలని ఫోను పెట్టేశారు. బెంగళూరు స్టూడియోలలో తెలిసినవాళ్లు లేనిదే గడప తొక్కనివ్వరు. సరే, మనవైపే వెతుక్కుందామని ఇంటికొచ్చింది.

అనిత నాన్న చంద్రశేఖర్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. అమ్మ కౌసల్య అంగన్‌వాడీ టీచరు. ఆ ఇంట్లో నెల జీతం ఎరిగిన మొదటి తరం వాళ్లదే. చంద్రశేఖర్ తండ్రి గంగులప్ప మాత్రం చౌడేపల్లె దగ్గర పల్లెలోనే ఉంటూ, డెబ్బై ఏళ్ల వయసులోనూ జాతరలకూ చావులకూ పలక కొడతాడు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి, మెడకు తగిలించుకుని రెండు పుల్లలతో వాయించే ఆ పలక దగ్గరే అనిత చెవి తయారైంది. ఏడేళ్ల వయసులోనే, మూడు వీధుల అవతల పలక మోగితే అది అమ్మవారి దెబ్బో చావు దెబ్బో చెప్పేది. ఆ సంగతి పదిమందిలో ఎత్తితే చంద్రశేఖర్‌కు మాత్రం గిట్టదు. బళ్లో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, తండ్రి చేసే పనిని పెట్టి పిలిచినవాళ్లే ఎక్కువ.

"యాడికి పోయినా మనది పలక కొట్టే ఇల్లని సెప్పబాకమ్మా. ఇచ్చే పని గూడా ఇయ్యరు" అని కూతురికి మరీ మరీ చెప్పి పంపాడు.

మదనపల్లెలో మేడమీద స్టూడియో నడిపే తేజకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నల్ల కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని, అనిత తెచ్చిన మార్కుల కాగితాలను చూడకుండానే మడిచి ఇచ్చేశాడు.

"ఆడపిల్లవు. ఈడ మగోళ్లు వచ్చిపోతాంటారు. కేబుళ్లు మోసేది, స్టాండ్లు బిగించేది నీతో యాడ అవుతాది?" అన్నాడు. మళ్లీ ఏదో మేలు చేస్తున్నవాడిలా, "నీ గొంతు బాగుండాది. చీరల అంగళ్ల ప్రచారానికి వాయిస్ సెప్తావా?" అని అడిగాడు.

మైకు వెనక కూర్చోవడానికి చదివిన పిల్లను మైకు ముందర నిలబడి చీరలు అమ్మమంటాడా! అనితకు ఒళ్లు మండింది. అయినా పళ్లు బిగబట్టి మెట్లు దిగింది. ఆ ఊళ్లోనే మరో రెండు చోట్ల చూస్తాం, చెబుతాం అన్నారు. చూడనూ లేదు, చెప్పనూ లేదు.

పుంగనూరులో స్టూడియో లేనే లేదు. ఘని మైక్‌సెట్ అంగడి ఉంది. ఘని భాయ్ అనిత కష్టమంతా విని, గల్లాపెట్టె పక్కనున్న స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు.

"బేటీ, నువ్వు అడిగితే ఇప్పుడే రాసిచ్చేస్తా. లేకిన్ నాది స్టూడియో కాదు. నువ్వు ఈడ పని గూడా సెయ్యలేదు. రేపు ఎవురైనా ఫోను సేసి అడిగితే నీకే బద్నామ్."

"అబద్ధం ఉత్తరం నాకూ వద్దు భాయ్" అంది అనిత.

కుప్పంలో ధనుంజయ అనే ఆయన పెద్ద స్టూడియో నడుపుతున్నాడని, అమ్మవారి పాటలకు మూడు రాష్ట్రాలనుంచీ ఆయన దగ్గరికే వస్తారని చెప్పింది ఘని భాయే. మర్నాడు పలమనేరు, వి.కోట మీదుగా మూడు గంటలు ప్రయాణం చేసి అనిత ఆ గుమ్మం ఎక్కింది. ధనుంజయ మార్కులు చూశాడు. ఒక పాట వినిపించి తప్పెక్కడో చెప్పమన్నాడు. రెండో చరణంలో వేణువు వెంట్రుకవాసి వెనకబడిందని చెప్పింది. ఆయన కనుబొమలు ఎగరేశాడు.

"మీ నాయన ఏం సేస్తాడు?"

"ఆర్టీసీలో సార్."

"మంచిది. జీతం గీతం అడగబాకు. మూణ్ణెల్లు పన్జెయ్యి, ఉత్తరం ఇస్తా."

జులై మధ్యలో చేరింది. స్టేషను దగ్గర నర్సులుండే హాస్టల్లో మంచం దొరికింది. మొదటి నెలంతా అనిత నేర్చుకున్న ఆడియో ఇంజినీరింగ్ ఏమిటయ్యా అంటే, పొద్దున గదులు ఊడ్చడం, ఫ్లాస్కుతో టీ తేవడం, మధ్యాహ్నం ధనుంజయ కొడుకును బడినుంచి తీసుకురావడం. డిప్లొమా చదివిన పిల్లచేత వెట్టి చేయించుకోవాలంటే ఇప్పుడు ఎవరినీ బెదిరించక్కర్లేదు, దానికి ఇంటర్న్‌షిప్ అని పేరు పెడితే చాలు. ఆ పేరుతో దొరలు కూడా చేయించని పనులు చేయించుకోవచ్చు.

అన్యాయంగా మాట్లాడకూడదు, ధనుంజయకు పని వచ్చు. మంచి చెవి. రెండో నెలలో అనిత చేత కూడా పని చేయించాడు, ఒకటి రెండు కిటుకులు చెప్పాడు కూడా. డోలుకు మైకు ఎంత దూరంలో పెట్టాలో, పాటగాళ్లు ఊపిరి పీల్చే చప్పుడు ఎంతవరకు తీసేసి ఎంతవరకు ఉంచాలో ఆయన దగ్గరే తెలిసింది. అందుకే ఆమె గౌరవంగానే ఉండేది. అందుకే తర్వాత జరిగింది మరీ మంటపుట్టించింది.

సెప్టెంబరులో దసరాకని ఆరు అమ్మవారి పాటలు ఒప్పుకున్నాడు ధనుంజయ. "కీబోర్డులో వచ్చే పలక అందురూ వాడేదే. నిజంగా కొట్టేవాళ్లు మీ పక్క ఎవురన్నా ఉండారా?" అని అడిగాడు.

"ఉండారు సార్, చౌడేపల్లె కాడ. తెలిసినోళ్లు" అంది అనిత.

తెలిసినోళ్లు! ఎత్తుకుని పెంచిన తాతను ఆ పిల్ల అలా పరిచయం చేసింది. తండ్రి నూరిపోసిన భయం నాలుక మీదే ఉంది, ఏం చేస్తాం. పాట కింద వాళ్ల పేర్లు వేస్తారా అని మాత్రం అడిగింది. "ఏద్దాం, దానికేముండాది" అన్నాడు ఆయన. ఆ మాటే గంగులప్పకు ఫోనులో చెప్పింది. యాభై ఏళ్లుగా పలక కొడుతున్నా ఆయన పేరు ఎక్కడా రాసినవాడు లేడు. తాత సంబరపడిపోయాడు.

వాళ్లు వచ్చిన రోజు పొద్దుటినుంచీ ముసురు. గంగులప్ప, ఆయన జోడీ దొరస్వామి, వయసులో చిన్నవాడైన మునెప్ప యూరియా సంచుల్లో చుట్టిన పలకలతో తడుస్తూ బస్సు దిగివచ్చారు. స్టూడియో గుమ్మంలో ధనుంజయ నిలబడి ఉన్నాడు. అనిత ఎదురెళ్లి, "రండి పెద్దాయనా" అంది.

గంగులప్ప మనవరాలి ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. తరవాత ఆమె వెనకనున్న ధనుంజయను చూశాడు. "వస్తాండాం మేడమ్" అని చెప్పులు బయట విడిచాడు.

ఆ మేడమ్ అన్న మాట అనితకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. అయినా ఈయన మా తాత అని సారుకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

చెమ్మకు తోలు మెత్తబడి పలకలు చెక్కపెట్టెల్లా మోగుతున్నాయి. పలక పలకాలంటే ముందు మంట దగ్గర పట్టి కాచాలి, తోలు బిగిసి గణగణమనేదాకా తిప్పి తిప్పి సెగ చూపాలి. పొగపెడితే యంత్రాలు పాడవుతాయని, ఏసీ కింద కాసేపు పెడితే అదే ఆరిపోతుందని ధనుంజయ అన్నాడు. అరగంట పెట్టారు. ఏం లాభం, అదే మొద్దు చప్పుడు. చివరికి అనిత పెరట్లో రేకుల కింద మైకులొచ్చిన అట్టపెట్టెలు చించి మంట వేసింది. పలకను ఎంత ఎత్తున పట్టాలో, ఎప్పుడు తిప్పాలో, వేలితో తట్టి ఎక్కడ ఆపాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఇది నీకెట్ల తెలుసు?" అన్నాడు ధనుంజయ కిటికీలోంచి.

"ఊర్లో సూసినా సార్."

గంగులప్ప తలవంచుకుని తన పలకను మంట మీద తిప్పుతూ ఉండిపోయాడు.

లోపలికి వెళ్లాక ధనుంజయ పాట వినిపించలేదు. ఒక్కొక్కరినీ విడిగా అనిత పెట్టిన మైకు ముందు నిలబెట్టి, ఒక దెబ్బ కొట్టి ఆగమన్నాడు. మళ్లీ ఒకటి. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి, అంచు మీద ఒకటి, నడుమ ఒకటి. మధ్యలో రెండుసార్లు పెరట్లోకి వెళ్లి కాచుకుని వచ్చారు.

"పాట యాడుండాది సార్? ఇట్ల ఒక్కొక్క దెబ్బ కొడితే అది పలక అవుతాదా?" అన్నాడు గంగులప్ప.

"ఇది టెస్టింగ్ పెద్దాయనా. నువ్వు కొట్టు."

మూడు గంటలు కొట్టించాడు. ఆ తర్వాత పెదవి విరిచి, వాన వల్ల తోలు సరిగా పలకలేదని, ఈ సౌండు పనికిరాదని, ఎండ కాశాక మళ్లీ పిలుస్తానని చెప్పాడు. బస్సు చార్జీలు, తలా ఒక అన్నం పొట్లం చేతిలో పెట్టించి పంపేశాడు. ముసలివాళ్లు ముగ్గురూ నేరం చేసినవాళ్లలా తలలు దించుకుని వెళ్లేలా చేశాడు. మునెప్పకు నలభై ఐదే, కానీ ఆ రోజు వెళ్లేటప్పుడు అతనూ ముసలివాడిలాగే కనిపించాడు.

మర్నాడు ధనుంజయ ఆ రికార్డింగే అనిత ముందు పెట్టి, దెబ్బలన్నీ విడివిడిగా కత్తిరించి పెట్టమన్నాడు. నేర్చుకునేదానికి మంచి పని అన్నాడు. నాలుగు రోజులు కూర్చుని మూడు వందల పదిహేడు దెబ్బలు కత్తిరించింది. హెడ్‌ఫోన్లలో ఒక్కొక్కటీ గంటలా మోగుతోంది. ఇందులో పనికిరానిది ఏముంది అన్న అనుమానం మొదటి రోజే వచ్చింది. నోరు తెరిస్తే ఉత్తరం పోతుందన్న భయం ఆ వెంటనే వచ్చింది. సారుకు తెలియదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

దసరా సెలవుకు ఇంటికి వెళుతూ బస్సులో ఫోను తెరిస్తే పాటలు విడుదలై ఉన్నాయి. ఆరు పాటల్లోనూ పలకే ముందు నడుస్తోంది. తను కత్తిరించిన దెబ్బలే, కంప్యూటరులో వరసగా పేర్చినవి, ఒక్కటీ పోలేదు. కింద పేర్లున్నాయి. పాడినవారు, రాసినవారు, కీబోర్డు, వేణువు. ఆఖరున, పలక: ధనుంజయ.

పలమనేరులో బస్సు మారాలన్న సంగతి కూడా కండక్టరు గుర్తు చేయాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం తాత దగ్గరికి వెళ్లింది. గంగులప్ప అరుగు మీద కూర్చుని కొత్త తోలు కట్టించిన పలకను చూపించాడు.

"పాతది మెత్తగా ఉండాదని ఆయప్ప అన్న్యాడు గదా. మా వల్ల ఆడ నీకు సెడ్డపేరు వచ్చింటాది పాపా. ఈ తూరి పిలిస్తే అట్ల కాదులే, సూడు" అని పుల్లతో తట్టాడు. "ఎప్పుడు పిలుస్తా అన్న్యాడు?"

ఆయన సొంత డబ్బుతో తోలు కొనుక్కుని, చేయని తప్పుకు మనవరాలికి క్షమాపణ చెబుతున్నాడు. అక్కడ ఇంకొకడు ఆయన చేతి దెబ్బకు తన పేరు తగిలించుకుని పండగ చేసుకుంటున్నాడు. అనిత ఫోనులో పాట పెట్టింది.

గంగులప్ప మెడ పక్కకు వంచి విన్నాడు. "ఇది నాది" అన్నాడు. ఇంకాసేపటికి, "ఇది మునెప్పది. వానికి ఎడం సెయ్యి బలం." పాట అయిపోయేదాకా విని, నిదానంగా అడిగాడు. "సౌండు రాలేదన్న్యారు గదమ్మా?"

"వచ్చింది తాతా. ఆ పొద్దే వచ్చింది. అబద్ధం సెప్పినాడు. ఆ దెబ్బలు కత్తిరించిచ్చింది నేనే" అంది అనిత. అని ఏడ్చింది.

సెలవు అయిన మర్నాడే ధనుంజయ ఎదురుగా నిలబడింది. పలక కొట్టినవాళ్ల పేర్లు వేయమని అడిగింది. ఆయన నవ్వాడు.

"వాళ్లు కొట్టింది ఉత్త దెబ్బలు. దాన్ని పాట సేసింది నేను. ఒకసారి పేరేస్తే రేపు ప్రతి పాటకూ వచ్చి గుమ్మంలో కూర్చుంటారు. అయినా మధ్యలో నీకేం నొప్పి?"

"ఆయన మా తాత సార్. గంగులప్ప మా నాయనను కన్న తండ్రి."

ధనుంజయ నవ్వు ఆగిపోయింది. మూడు నెలలుగా రోజూ చూస్తున్న పిల్లను కొత్తగా చూస్తున్నట్టు పైనుంచి కిందికి చూశాడు. "అట్లనా. ముందే సెప్పింటే బాగుండు. మా ఇంట్లోకంతా వచ్చిపోతాంటివే" అన్నాడు.

ఇన్నాళ్లూ ఆయన కొడుకును చెయ్యి పట్టుకుని బడినుంచి తెచ్చినప్పుడు ఆ చేతికి ఏ ఇల్లూ లేదు. ఇప్పుడు పలక కొట్టే ఇల్లు వచ్చింది. నాన్న చెప్పింది నిజమేనని అనితకు అర్థమైంది. అంతకాలం దాచినందుకు సిగ్గు వేసింది కానీ, చెప్పినందుకు మాత్రం వేయలేదు.

ధనుంజయకు గొడవ ఇష్టం లేదు. "ఉత్తరం కదా నీకు కావాల్సింది? నువ్వే టైపు సేసుకో, సంతకం పెట్టి ఇస్తా. తీసుకుని గమ్మున పో" అన్నాడు.

అనిత కూర్చుని ఇంగ్లీషులో టైపు చేసింది. చేరిన తేదీ, మానిన తేదీ, చేసిన పనులు రాసింది. ఆ తర్వాత నాలుగు వరుసలు రాసింది. సెప్టెంబరులో మా తాత గంగులప్ప, దొరస్వామి, మునెప్ప వాయించిన పలకలను రికార్డు చేయడానికి తోడ్పడ్డాను. వారి దెబ్బలు మూడు వందల పదిహేడు కత్తిరించి సిద్ధం చేశాను. ఈ స్టూడియో దసరాకు విడుదల చేసిన ఆరు పాటల్లో వినిపించే పలక అంతా వారిదే. అచ్చు తీసి బల్ల మీద పెట్టింది.

ధనుంజయ చదివాడు. పెన్ను మూత తీసినవాడు మళ్లీ పెట్టేశాడు. "ఈ నాలుగు లైన్లు తీసెయ్."

"అది నేను సేసిన పనే సార్. ఇందులో నిజం కాని మాట ఒక్కటి సూపించండి, తీసేస్తా."

"తీస్తే సంతకం. తియ్యకపోతే లేదు. నీ ఏడాది నీ ఇష్టం" అన్నాడు.

అనిత కాగితం తీసుకుని వచ్చేసింది. ధైర్యంగా వచ్చేసిందని రాయడం తేలికే. నిజానికి కుప్పం బస్టాండులో రెండు బస్సులు వదిలేసి కూర్చుండిపోయింది. గడువు పది రోజులే ఉంది. ఈ పది రోజుల్లో మరో స్టూడియో మూడు నెలల ఉత్తరం ఇవ్వడం కల్ల. నాలుగు వరుసలు చెరిపేస్తే అయిపోయేది కదా అని ఒకసారి అనుకుంది కూడా. కొత్త తోలు పలక గుర్తొచ్చి లేచి బస్సెక్కింది.

ఇంట్లో చంద్రశేఖర్ డిపో బట్టల్లోనే నిలబడి ఆ కాగితం కూడబలుక్కుని చదివాడు. తండ్రి పేరు దగ్గర ఆగాడు. తిడతాడనే అనుకుంది అనిత.

"మా నాయన పేరు ఇంగ్లీషులో ఇదే మొదటిసారి సూసేది" అన్నాడతను. బండి తాళం తీసుకుని, "పా, ఆయనకు సూపిద్దాం" అన్నాడు.

పల్లెలో దొరస్వామిని, మునెప్పను కూడా పిలిపించారు. అనిత ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ చదివింది. పేర్లున్న చోట మళ్లీ చదవమన్నాడు దొరస్వామి. మళ్లీ చదివింది.

"సంతకం యాడుండాది?" అన్నాడు గంగులప్ప.

"పెట్టలేదు తాతా. మీ పేర్లు తీస్తే పెడతా అన్న్యాడు."

ముసలాయన ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "నువ్వు ఆడ పన్జేసింది ఆయప్ప ఒక్కడే సూసినాడా? మైకు పెట్టింది మేము సూడలేదా? మంటేసి పలక కాంచింది మేము సూడలేదా? కొట్టినోళ్లం మేము. మేము పెడితే యాల సెల్లదు? ఆ కాయితం ఇట్ల తే."

గంగులప్ప, దొరస్వామి వేలిముద్రలు వేశారు. మునెప్పకు సంతకం వచ్చు, పేరు పెద్దగా రాశాడు. సాక్షి అని కింద చంద్రశేఖర్ సంతకం పెట్టి, పలక గంగులప్ప కొడుకు అని తెలుగులో రాశాడు.

అక్టోబరు ముప్పైన బెంగళూరులో తను చదివిన సంస్థ కౌంటరులో ఆ కాగితం ఇచ్చింది అనిత. గుమాస్తా తెలుగువాడే. వెనకా ముందూ తిప్పిచూసి, ఇవేం సంతకాలు, యజమాని సంతకం ఏదని అడిగాడు.

"ఆయన పెట్టలేదు. నేను ఎవరితో పని చేశానో వాళ్లు పెట్టారు. స్టూడియోలో పని చేశానా లేదా అన్నదే కదా మీకు కావాల్సింది?"

"రూలు ఒప్పుకోదమ్మా. వేలిముద్రలు చెల్లవు" అని కాగితం వెనక్కి తోశాడు.

అనిత దాన్ని మళ్లీ ముందుకు తోసింది. పక్కన పెన్ను పెట్టింది.

"అయితే ఇది చెల్లదని దీనిమీదే రాసి, కింద మీ పేరు రాసి సంతకం పెట్టి ఇవ్వండి. వీళ్లు తమ పేర్లు పెట్టారు. మీరూ పెట్టండి."

గుమాస్తా వేలిముద్రలను చూశాడు. పెన్నును చూశాడు. పైవాళ్లను అడిగి వస్తానని లేచి లోపలికి వెళ్లాడు. పెన్ను మాత్రం ముట్టుకోలేదు.